రాత్రి వార్డులో ఎందరున్నారు?

ఈ స్మారకోపన్యాసం ఒక్కరి పేరున జరుగుతున్నది కాదు. కోవిడ్ కాలంలో ఆసుపత్రుల్లో పనిచేస్తూ చనిపోయిన నర్సులు, డాక్టర్లు, ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, ల్యాబ్ టెక్నీషియన్లు, అంబులెన్సు డ్రైవర్లు, పారిశుద్ధ్య కార్మికులు, అందరి స్మృతికీ అంకితమైనది. స్మారక సభ అంటే పేర్లు చదవాలి. కానీ చదవడానికి పూర్తి జాబితా లేదు. 2020 సెప్టెంబరులో పార్లమెంటులో ఈ ప్రశ్న వచ్చినప్పుడు, ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి అటువంటి వివరాలు కేంద్రం దగ్గర ఉండవని ఆరోగ్యశాఖ సహాయమంత్రి జవాబిచ్చారు. అది విని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ తానే 382 మంది డాక్టర్ల పేర్లతో జాబితా ప్రకటించింది. డాక్టర్ల సంఘానికి ఉన్నంత గొంతు అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేసే ఆయమ్మకు ఉండదు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది వరకు ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ కింది అంకెకూ పై అంకెకూ మధ్య తేడాయే లక్ష మంది. యుద్ధంలో పోయిన సైనికుల్ని ఇంత తేడాతో లెక్కిస్తే మనం ఒప్పుకోం.

2020 మార్చి 22 సాయంత్రం మనం వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. మే 3న వాయుసేన హెలికాప్టర్లు హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లాయి. ఆ కృతజ్ఞత నిజమైనది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ తర్వాత మూడు నెలలు గడవకముందే అదే ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం విధులు ఆపి బయట కూర్చున్నారు. అంతకు ముందు జూన్‌లో ఒక రోగి చనిపోయాక బంధువులు దాడి చేశారని జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. పూలకూ ఈ ధర్నాలకూ మధ్య ఉన్న దూరం గురించే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నాను. ఆసుపత్రి సిబ్బందిని మనం గౌరవిస్తాం, పొగుడుతాం, దేవుళ్లంటాం. లెక్క మాత్రం పెట్టం. చనిపోయినవారినే కాదు, బతికి పనిచేస్తున్నవారినీ లెక్కపెట్టం. ఒక వార్డులో, ఒక షిఫ్టులో, ఒక నర్సు చేతికింద ఎందరు రోగులున్నారన్నది సిబ్బంది సంక్షేమానికి చెందిన ప్రశ్న మాత్రమే కాదు. రోగికి ఇచ్చే మందు మోతాదు ఎంత ముఖ్యమో ఈ అంకె అంత ముఖ్యం. దాన్ని కొలవాలి, బయటపెట్టాలి, చట్టంతో కట్టుబాటు చేయాలి. నా వాదన ఇంతే.

ముందు నర్సు చేసే పని ఏమిటో చూద్దాం. బయటివారికి కనిపించేది ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్ పెట్టడం, బీపీ చూడడం. ఆమె చేసే అసలు పని కనిపించదు. అది గమనించడం. ఆపరేషనయిన రెండో రోజు రాత్రి రోగి నిమిషానికి పదహారుసార్లు తీసే శ్వాస ఇరవై ఆరుకు పెరుగుతుంది. మనిషి కొంచెం చికాకుగా, కొంచెం మత్తుగా కనిపిస్తాడు. మూత్రం సంచీలో మట్టం సాయంత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇవి మూడూ కలిపి చూసినవారికి ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకుతోందని తెలుస్తుంది. అప్పుడు డ్యూటీ డాక్టరుని లేపితే రోగి బతుకుతాడు. మూడు గంటలు ఆలస్యమైతే ఐసీయూకి వెళ్తాడు, ఆరు గంటలైతే వెళ్లినా లాభం ఉండకపోవచ్చు. వైద్య పరిశోధకులు దీన్ని కాపాడగలిగీ కాపాడలేకపోయిన మరణాల కింద వేరుగా లెక్కిస్తారు. జబ్బు వల్ల వచ్చే చిక్కు ఏ ఆసుపత్రిలోనైనా రావచ్చు. దాన్ని వేళకు పసిగట్టడంలోనే ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా. ఇక సమయం చూడండి. ఎనిమిది గంటల షిఫ్టులో 480 నిమిషాలుంటాయి. ఐదుగురు రోగులుంటే ఒక్కొక్కరికి 96 నిమిషాలు, ముప్ఫైమంది ఉంటే 16 నిమిషాలు. ఆ పదహారులోనే మందులివ్వడం, కేస్ షీటు రాయడం, స్టోర్ రూముకి వెళ్లడం, వార్డు బాయ్ లేకపోతే స్ట్రెచర్ తోయడం, బంధువులకు జవాబు చెప్పడం, చివర హ్యాండోవర్ ఇవ్వడం. గమనించడానికి మిగిలేది ఏమీ ఉండదు. ఆమె ఎంత నేర్పరి అయినా, ఎంత దయగలదైనా, ఈ భాగహారం మారదు.

ఈ భాగహారానికి ఆధారాలు ఎప్పుడో వచ్చాయి. లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఆమె సహచరులు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. 2 లక్షల 32 వేలకు పైగా శస్త్రచికిత్స రోగుల వివరాలు, 10 వేలకు పైగా నర్సుల జవాబులు అందులో ఉన్నాయి. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, చేరిన 30 రోజుల లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నలుగురి స్థానంలో ఎనిమిదిమంది పడితే 31 శాతం. అదే పరిశోధనలో, అదే ఒక్క అదనపు రోగి వల్ల నర్సు బర్నౌట్‌కు గురయ్యే అవకాశం 23 శాతం పెరిగింది. ఈ రెండు ఫలితాలనూ మనం విడదీసి చదువుతున్నాం. మొదటిది వైద్యం పుస్తకంలోకి, రెండోది ఉద్యోగుల సంక్షేమం ఫైల్లోకి పోతున్నాయి. కానీ రెండింటికీ కారణం ఒకే అంకె. 2014లో ఐరోపాలోని తొమ్మిది దేశాల్లో 300 ఆసుపత్రుల్లో, 4 లక్షలకు పైగా రోగుల మీద జరిగిన అధ్యయనంలో కూడా ఒక అదనపు రోగికి 7 శాతమే తేలింది. భాష వేరు, జీతాలు వేరు, బీమా పద్ధతులు వేరు. భాగహారం మాత్రం ఒక్కటే.

బర్నౌట్ అంటే అలసట అని అనుకుంటాం. అలసట నిద్రతో పోతుంది, ఇది పోదు. క్రిస్టినా మాస్లాక్ 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేసినప్పుడు మూడు లక్షణాలు గుర్తించారు. మనసులో ఇక ఇవ్వడానికి ఏమీ మిగలకపోవడం మొదటిది. ఎదుటి మనిషి మనిషిగా కనిపించకపోవడం రెండోది. చేసే పనికి అర్థం లేదనిపించడం మూడోది. ఆ రెండోదాన్ని కాస్త నిలిచి చూడాలి. వార్డులో ఒక మనిషి ‘పన్నెండో నంబరు బెడ్డు’గా మారేది అప్పుడే. సిస్టరమ్మ కసురుకుందని, డాక్టరు ముఖమైనా చూడలేదని రోగులు చెప్పే ఫిర్యాదుల్లో చాలా భాగం స్వభావ దోషాలని మనం అనుకుంటాం. నలభైమందిని మనుషులుగా చూడలేక, చూస్తే తట్టుకోలేక, మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న తలుపు అది. 2018లో 47 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, బర్నౌట్‌కు గురైన డాక్టర్ల దగ్గర రోగి భద్రతకు భంగం కలిగే అవకాశం దాదాపు రెండింతలని తేలింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. నర్సులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రి డబ్బున్న ఆసుపత్రి కూడా అయి ఉంటుంది. అక్కడ యంత్రాలు బాగుంటాయి, సర్జన్లు బాగుంటారు, రోగులు కూడా ముందుగానే వస్తారు. కాబట్టి ప్రాణాలు కాపాడింది నర్సుల సంఖ్యేనని ఎలా అనగలం? ఇది న్యాయమైన ప్రశ్న, పెన్సిల్వేనియా లెక్కలు ఒక్కటే ఉంటే దీనికి పూర్తి జవాబు దొరకదు. జవాబు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దొరికింది. ఆ రాష్ట్రం 2016లో ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రుల్లో పగటి షిఫ్టులకు సగటున నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలని చట్టం చేసింది. చట్టం వర్తించిన 27 ఆసుపత్రులనూ వర్తించని 28 ఆసుపత్రులనూ, చట్టానికి ముందూ తర్వాతా పోల్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. నర్సులు పెరిగిన చోట మరణాలు తగ్గాయి, తిరిగి ఆసుపత్రి పాలవడం తగ్గింది, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. అలా మిగిలిన ఖర్చు కొత్త నర్సుల మీద పెట్టిన ఖర్చుకు రెండింతలు దాటింది. ఆసుపత్రి అదే, రోగులు అటువంటివారే, మారింది ముఖ్యంగా ఆ సంఖ్య. ఇంతకంటే గట్టి రుజువు ఇటువంటి విషయంలో అరుదుగా దొరుకుతుంది.

మన దగ్గర ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో మూడు పడకలకు ఒక నర్సు, మిగిలిన ఆసుపత్రుల్లో ఐదు పడకలకు ఒకరు, సెలవులకోసం 30 శాతం అదనం అని భారత నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. కాగితం మీద ఇది క్వీన్స్‌లాండ్‌కు తీసిపోదనిపిస్తుంది. కానీ పోస్టుల లెక్కకూ వార్డులో నిలబడ్డ మనిషి లెక్కకూ చాలా దూరముంది. ముప్ఫై పడకల వార్డుకు ఐదుకొకరు చొప్పున ఆరుగురు, సెలవుల వాటా కలిపితే ఎనిమిదిమంది అనుకుందాం. రోజుకు మూడు షిఫ్టులు. వారాంతపు సెలవు, నైట్ డ్యూటీ తర్వాతి సెలవు, ప్రసూతి సెలవు, డిప్యుటేషన్, ఇంకా నింపని ఖాళీ, ఇవన్నీ పోగా పగలు ఇద్దరు, రాత్రి ఒక్కరు మిగులుతారు. ముప్ఫై పడకల పక్కన నేలమీద పరుపులు పడే కాలమైతే ఆ ఒక్కరి కిందే నలభై మంది. అంటే ప్రమాణాన్ని కాగితం మీద పూర్తిగా పాటించిన వార్డులో కూడా అర్ధరాత్రి ఒకటికి నలభై నడవవచ్చు. క్వీన్స్‌లాండ్, అంతకు ముందు 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుచేసిన కాలిఫోర్నియా, రెండూ షిఫ్టులో నిజంగా హాజరున్నవారిని లెక్కించాయి. మనం మంజూరైన పోస్టులను లెక్కిస్తున్నాం. 2024 జనవరి 31న తెలంగాణ ప్రభుత్వం ఒకేరోజు 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చింది. మంచి పని, అవసరమైన పని. ఆ పత్రాల వల్ల ఏ వార్డులో రాత్రి ఎందరు పెరిగారో చెప్పే లెక్క కూడా దానితో పాటు రావాలి.

అలా అయినా మన వార్డులు ఎలా నడుస్తున్నాయి? రోగి మంచం కింద చాప పరుచుకుని పడుకునే అటెండరు వల్ల నడుస్తున్నాయి. సెలైన్ సీసా అయిపోవచ్చిందని చూసేది తల్లి. మూత్రం సంచీ ఖాళీ చేసేది కొడుకు. స్కానింగుకు చక్రాల కుర్చీ తోసుకెళ్లేది బావమరిది. రాత్రి రెండింటికి ‘సిస్టరమ్మా, ఒక్కసారి రండి’ అని నర్సుల గదికి పరుగెత్తేది భార్య. నర్సుల కొరతను మన కుటుంబాలు తమ నిద్రతో, కూలి డబ్బులతో పూడుస్తున్నాయి. ఆ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ లేదు. పక్కన ఎవరూ లేని రోగికి, ఒంటరి ముసలమ్మకు, రైలు దిగుతూ కాలు విరిగిన వలస కూలీకి ఈ వ్యవస్థలో ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. తల్లి చూసేది సీసాలో మట్టాన్ని, శ్వాస సంఖ్యను కాదు. కుటుంబ సేవ మన సంస్కృతిలో గొప్ప బలమే. రోగికి ధైర్యం, తోడు, నోటికి రుచించే ముద్ద అది ఇవ్వగలదు. నర్సు కన్నుకు బదులు కాలేదు. ఆ బంధువే తెల్లవారేసరికి మనిషి పోయి, ఏం జరిగిందో చెప్పేవారు లేక, కోపంతో చెయ్యెత్తుతున్నాడు. దాడులను ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 2008లోనే ప్రత్యేక చట్టం చేసింది, 2020లో కేంద్రం అంటువ్యాధుల చట్టానికి శిక్షలు కలిపింది. ఆ చట్టాలు ఉండాలి. అయితే, రాత్రి పదిన్నరకు పక్కన కూర్చుని ‘పరిస్థితి కష్టంగా ఉంది, మేం చేయగలిగింది చేస్తున్నాం’ అని పది నిమిషాలు చెప్పే మనిషి ఉంటే చాలా దెబ్బలు పడవు.

డాక్టర్ల సంగతికి వస్తే అక్కడ ప్రశ్న గంటలది. ఇరవై నాలుగు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి–చూపు సమన్వయం, రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్న మనిషికి సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన మోటారు వాహనాల చట్టం 0.03 శాతం దాటితేనే స్టీరింగ్ పట్టనివ్వదు. విమానం నడిపేవారికి ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు విశ్రాంతి అన్నది డీజీసీఏ నిర్ణయిస్తుంది. రాత్రి రెండున్నరకు గర్భిణి కడుపు మీద కత్తి పెట్టే పీజీకి మాత్రం అటువంటి రక్షణ ఆచరణలో లేదు. కాగితం మీద ఉంది. 1992లో కేంద్రం ప్రకటించిన రెసిడెన్సీ విధానం మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదన్నది. ముప్ఫై రెండేళ్ల తర్వాత, 2024లో, వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్సు వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. నలభై ఎనిమిది నుంచి డెబ్భై నాలుగుకు వచ్చాం, దాన్నే ఉపశమనం అంటున్నాం. ఆ టాస్క్‌ఫోర్సు ఆన్‌లైన్ సర్వేలో జవాబిచ్చిన పీజీ విద్యార్థుల్లో 31 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని తేలింది. సర్వేకి జవాబిచ్చినవారు అందరికీ ప్రతినిధులు కాకపోవచ్చు. అయినా ఐదువేల పైచిలుకు పీజీలు జవాబిచ్చిన సర్వేలో ఈ అంకె కనిపిస్తే, దాన్ని పక్కన పెట్టే హక్కు మనకు లేదు. ఆ నివేదిక వచ్చిన నెలలోనే, 2024 ఆగస్టు 9న, కోల్‌కతాలో సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో సెమినార్ హాలులో నడుం వాల్చిన పీజీ డాక్టరు హత్యాచారానికి గురైంది. ఆమె సెమినార్ హాలులో ఎందుకు పడుకోవాల్సి వచ్చిందన్నది నేరం గురించిన ప్రశ్నతో సమానంగా అడగవలసిన ప్రశ్న. సుప్రీంకోర్టు ఆ నెల 20న జాతీయ టాస్క్‌ఫోర్సు వేసినప్పుడు విశ్రాంతి గదులు లేకపోవడాన్ని కూడా ప్రస్తావించింది. ఆ టాస్క్‌ఫోర్సులో మన హైదరాబాదు నుంచి డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి కూడా సభ్యులు.

అయితే గంటలు తగ్గిస్తే చాలు అనుకోవడం కూడా పొరపాటే. దీని మీద నా పక్షానికి ఇబ్బంది కలిగించే ఆధారం ఒకటి ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. 2004లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, ఐసీయూల్లో పాత పద్ధతిలో దీర్ఘ డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు, గంటలు తగ్గించినవారికంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. పదహారేళ్ల తర్వాత అదే పరిశోధకుల బృందం ఆరు పిల్లల ఐసీయూల్లో పదహారు గంటలు దాటిన డ్యూటీలను తీసేసి చూస్తే, ఈసారి పొరపాట్లు తగ్గడం మాట అలా ఉంచి, పెరిగాయి. ఎందుకని తరచి చూస్తే, గంటలు తగ్గించిన చోట మనుషుల్ని పెంచలేదు. ఒక్కో డాక్టరు చూసే పిల్లల సంఖ్య పెరిగింది. ఆ సంఖ్యను సరిచేసి లెక్కిస్తే పెరుగుదల కనిపించలేదు. అంటే గంటల ప్రశ్న కూడా తిరిగి తిరిగి అదే అంకె దగ్గరికి వస్తుంది. మనుషుల్ని పెంచకుండా డ్యూటీ చార్టు మార్చితే అలసట ఒకరి భుజం మీది నుంచి ఇంకొకరి భుజం మీదికి మారుతుంది, అంతే.

ఇదే తర్కం యోగా తరగతులకూ, కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్లకూ, ఒత్తిడి నిర్వహణ వర్క్‌షాపులకూ వర్తిస్తుంది. యోగా మంచిది, మనసు విప్పి చెప్పుకునే చోటు ఉండడం ఇంకా మంచిది. ఆత్మహత్య ఆలోచనలో ఉన్న పీజీకి కౌన్సెలర్ ప్రాణదాత. కానీ డాక్టర్ల బర్నౌట్ తగ్గించే ప్రయత్నాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో, వ్యక్తికి నేర్పే మెళకువలకంటే పని పద్ధతిని, డ్యూటీలను మార్చిన ప్రయత్నాలే ఎక్కువ ఫలించాయి. 2024లో బ్రిటన్‌లో 46 వేలమంది ఉద్యోగుల వివరాలు చూసిన ఒక అధ్యయనంలో ఇలాంటి వ్యక్తిగత కార్యక్రమాల్లో పాల్గొన్నవారికీ పాల్గొననివారికీ మానసిక క్షేమంలో తేడా దాదాపు కనబడలేదు. ముప్ఫైమంది రోగులున్న నర్సుకు శ్వాసమీద ధ్యాస నేర్పితే ముప్ఫైమంది పదిహేనుమంది కారు. పైగా ‘నీకు తట్టుకునే శక్తి లేదు’ అన్న నింద ఆమె మీద పడుతుంది.

ఇక అందరికంటే బలంగా వినిపించే అభ్యంతరం డబ్బు. ఆస్ట్రేలియా వేరు, మనం వేరు. ఆసుపత్రి నిలవాలంటే ముందు ఖర్చు తగ్గాలి అంటారు. ఆసుపత్రి నిలబడడమంటే ఏమిటో ఇంగ్లండులోని స్టాఫర్డ్ ఆసుపత్రి చరిత్ర చెబుతుంది. 2006–07లో ఆ ఆసుపత్రి ట్రస్టు కోటి పౌండ్లు ఆదా చేయాలని నిశ్చయించి 150కి పైగా ఉద్యోగాలు కోసింది. ఖాతాలు చక్కబడ్డాయి, కోరుకున్న ప్రత్యేక హోదా వచ్చింది. వార్డుల్లో రోగులు తాగునీళ్లందక అల్లాడారు, మలమూత్రాల్లో గంటలకొద్దీ పడి ఉన్నారు. రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 2013లో 290 సిఫారసులతో వచ్చింది. ఆ తర్వాత ఆ ట్రస్టునే రద్దు చేయాల్సి వచ్చింది. ఆ ఆదా ఎవరికి మిగిలింది? మన దగ్గర ఈ ప్రలోభం ఇంకొక రూపంలో ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షలాది పేద కుటుంబాలకు కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం తెరిచింది, దాని మేలు కాదనలేం. కానీ ప్యాకేజీ పద్ధతిలో ఆపరేషన్‌కు ఇంత అని మొత్తం ముందే ఖరారవుతుంది. ఆ మొత్తంలో నర్సు గంటలు ఎన్నన్నది రోగికీ ప్రభుత్వానికీ కనిపించదు. కాబట్టి ఆ గంటలు ఎంత కోస్తే అంత మిగులు. మంచి యాజమాన్యం కూడా ఈ లెక్కలో ఓడిపోతుంది, ఎందుకంటే పక్క ఆసుపత్రి కోస్తోంది. రోగుల తరఫున డబ్బు కట్టేది ప్రభుత్వమే కాబట్టి, షిఫ్టువారీ నర్సుల హాజరును ప్యాకేజీ షరతుగా పెట్టడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

డబ్బిచ్చినా నర్సులు దొరకరు కదా అన్నది తర్వాతి ప్రశ్న. దొరకరా, నిలవడం లేదా? 2018 నాటి లెక్కల్లో దేశంలో నమోదైన నర్సులు, మంత్రసానులు 23 లక్షల 40 వేలు. కుటుంబాల సర్వే ప్రకారం నిజంగా పనిలో ఉన్నవారు దాదాపు 14 లక్షలు. మధ్య ఉన్న తొమ్మిది లక్షల్లో చనిపోయినవారు, పదవీ విరమణ చేసినవారు, విదేశాలకు వెళ్లినవారు ఉంటారు. చదువుకుని, రిజిస్టరై, ఈ పని ఇక మనవల్ల కాదని ఇంట్లో కూర్చున్నవారూ ఉంటారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 50 పడకల లోపు చోట కనీసం 20 వేలు ఇవ్వాలంది. అది అమలు చేయాల్సిన భారం రాష్ట్రాల మీద పడింది, చాలా చోట్ల అక్కడే ఆగింది. మరోవైపు తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకీ జపాన్‌కూ మన నర్సులకు భాష నేర్పి పంపుతోంది. వెళ్లేవారిని తప్పు పట్టలేం, ఆ జీతం ఒక కుటుంబాన్ని పైకి తెస్తుంది. కానీ కుండకు చిల్లి ఉంచి కొత్త కాలేజీలతో నీళ్లు పోస్తూ పోవడం విధానం అనిపించుకోదు. నిలబెట్టుకోవడమే అన్నిటికంటే చవకైన నియామకం.

మధురై అరవింద్ కంటి ఆసుపత్రిని కొందరు ఎదురు ఉదాహరణగా చూపుతారు. అక్కడ ఒక్కో సర్జన్ ఏడాదికి దాదాపు రెండువేల శుక్లాల ఆపరేషన్లు చేస్తాడు, ఫలితాలు ప్రపంచ స్థాయివి. మరి పనిభారం ఎక్కువైతే చెడుతుందన్న వాదన ఏమయిందంటారు. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మొదలుపెట్టిన ఆ సంస్థ నా వాదనకు బలమే ఇస్తోంది. అక్కడ సర్జన్ చేతికి రోగి వచ్చేసరికి గ్రామాల నుంచి ఎంపిక చేసి రెండేళ్లు శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు పరీక్షలు, సిద్ధం చేయడం, ధైర్యం చెప్పడం అన్నీ పూర్తి చేసి ఉంటారు. ఒక్క సర్జన్ చుట్టూ పలువురు సహాయకులు. పని ఎక్కువే, కానీ ఎవరి పని వారిది, పక్కనే చేయి ఉంది. మన జనరల్ వార్డులో దీనికి పూర్తిగా తలకిందులు, ఒక్క నర్సు చేతిలోనే నర్సు పని, గుమాస్తా పని, వార్డు బాయ్ పని. ఆమె నుంచి నర్సింగ్ కాని పని తీసేసినా కొంత ఊపిరి వస్తుంది, అందుకు అయ్యే ఖర్చూ తక్కువే.

చిన్న పట్టణాల్లో ఇరవై పడకల నర్సింగ్ హోముల విషయంలో మాత్రం నాకు తేలిక జవాబు లేదు. కఠినమైన నిష్పత్తి రేపే పెడితే కొన్ని మూతపడతాయి, అప్పుడు కాన్పు నొప్పులతో ఉన్న ఆడమనిషి యాభై కిలోమీటర్లు వెళ్లాల్సి వస్తుంది. ఆ ప్రమాదం నర్సు కొరత ప్రమాదంకంటే పెద్దదే కావచ్చు. అందుకే ముందు ఐసీయూలు, కాన్పు గదులు, ఆపరేషన్ తర్వాతి వార్డులు, ముందు పెద్ద ఆసుపత్రులు, ముందు రాత్రి షిఫ్టు, అలా మెట్టు మెట్టుగా ఐదారేళ్లు తీసుకోవాలి. ఆలస్యం కోసం ఈ మాట అనడం లేదు. కాలిఫోర్నియాకు కూడా చట్టం చేయడానికీ అమలుకూ మధ్య ఐదేళ్లు పట్టింది, ఆ ఐదేళ్లూ సిద్ధపడడానికి వాడుకుంది.

ఆ మొదటి మెట్టు మాత్రం రేపే వేయవచ్చు. స్టాఫర్డ్ తర్వాత ఇంగ్లండులో 2014 నుంచి ప్రతి వార్డు గుమ్మం దగ్గర ఆ షిఫ్టుకు ఎందరు నర్సులు ఉండాలో, ఎందరు ఉన్నారో రాసి పెట్టాలన్నారు. మన ఆసుపత్రుల్లో ధరల పట్టిక ఉంది, పౌరుల హక్కుల బోర్డు ఉంది, ప్రారంభోత్సవ శిలాఫలకం ఉంది. వాటి పక్కన చాక్‌పీసుతో రాసే ఒక నల్లబల్ల చాలు. ఈ షిఫ్టులో రోగులు ఎందరు, నర్సులు ఎందరు, గత ఇరవై నాలుగు గంటలుగా డ్యూటీలో ఉన్న డాక్టర్లు ఎందరు. అది రాసే బాధ్యత హెడ్ నర్సుది కాకూడదు, ఎందుకంటే తక్కువైన అంకెకు ఆమెనే నిలదీస్తారు. కింద సూపరింటెండెంట్ సంతకం ఉండాలి, నెలాఖరుకు ఆ అంకెలన్నీ జిల్లా వెబ్‌సైటులోకి ఎక్కాలి. రాత్రి పదింటికి తండ్రిని వార్డులో చేర్చే కొడుకు ఆ బల్ల ముందు ఒక నిమిషం ఆగి చదువుతాడు. ముప్ఫై ఎనిమిది, ఒకటి, రెండు అని ఉంటే, ఆ రాత్రి చాప పరుచుకుంటూ లోపల పరుగులు పెడుతున్న సిస్టరమ్మను చూసే చూపు వేరుగా ఉంటుంది. పొద్దున్న అతను నిలదీసే మనిషి కూడా మారతాడు.